జీవకణపు తూములు

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల వారికి చెరువు, కట్ట, తూము అను మాటలను వివరించి చెప్ప నవసరము లేదు. కొమరోలు నుండి గిద్దలూరు మీదుగా ఒక వైపునకు పోయిన కంభం చెరువు కలదు. వేరొక వైపునకు పోయిన పోరుమామిళ్ళ చెరువు కలదు. కంభం చెరువు కట్ట గుండ్లకమ్మకు అడ్డముగా కొండల నడుమ విజయనగర రాజుల కాలమున వేయబడినది. పోరుమామిళ్ళ చెరువును 1369లో భాస్కరుడను విజయనగర రాజకుమారుడు కట్టించెను. చెరువు నిర్మాణమునకు ఏమేమి కావలయునో, ఏ దోషములు ఉండరాదో అచ్చటి శాసనము చెప్పుచున్నది. 2020లో ఈ రెండు చెరువులకును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములుగా అంతర్జాతీయ గుర్తింపు లభించినది.

చెరువునకు కట్ట యెంత ముఖ్యమో తూము అంత ముఖ్యము. కట్ట లేనిదే నీరు నిలువదు. తూము లేనిదే నిలిచిన నీరు పొలమునకు పనికి రాదు. తూము సమయమునకు తెరచుకొనక పోయినను నష్టమే, తెరచినది మూతపడక పోయినను నష్టమే. మన శరీరమునందలి ప్రతి జీవకణమునకు ఇటువంటి కట్టయు, ఇటువంటి తూములును కలవు. తేలు కుట్టినపుడు బిడ్డ శరీరము చల్లబడి చెమటలు పోయుట, పురుగుమందు తగిలిన ముఖము చురచురలాడుట, వాంతి భేదులలో మనిషి కొన్ని గంటలలో నీరసించి పోవుట, మిట్టమధ్యాహ్నము కంది ఆకు తన నీటిని కాపాడుకొనుట, ఇవి యన్నియు ఆ తూముల సంగతులే. వానిని గూర్చి తెలిసినంత వరకు సులభముగా వివరించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

కట్ట యెట్టిది?

మన దేహము కోట్లకొలది కణములతో కూడియున్నది. ఒక్కొక్క కణము చుట్టును మిక్కిలి పలుచని పొర యొకటి ఉండును. మిల్లీమీటరును రెండు లక్షల భాగములుగా చేసిన అందొక భాగమెంతయో ఆ పొర మందము సుమారుగా అంత. ఆ పొర ప్రధానముగా క్రొవ్వు పదార్థముతో ఏర్పడినది. నూనెలో నీరు కలియదు గదా! నీటిలో కరగియున్న ఉప్పు ఆ క్రొవ్వు పొరను దాటి తనంతట తాను పోజాలదు.

ఉప్పు నీటిలో కరగినపుడు రెండుగా విడిపోవును. సోడియము ధనావేశమును, క్లోరిను ఋణావేశమును వహించును. ఇట్లు విద్యుదావేశమును వహించి నీటిలో తిరుగు రేణువులకు అయానులని పేరు. సోడియము, పొటాసియము, కాల్షియము అను మూడును ధన అయానులు. క్లోరైడు ఋణ అయాను. మన శరీరపు విద్యుత్తు రాగితీగలో పారునట్టిది కాదు. అది యీ అయానుల రాకపోకలే.

కణమునకు వెలుపల, అనగా రక్తమునందును, కణముల నడుమనుండు ద్రవమునందును, సోడియము మెండు, పొటాసియము కొద్ది. కణమునకు లోపల పొటాసియము మెండు, సోడియము కొద్ది. ఈ వ్యత్యాసము స్వల్పము కాదు. వెలుపలి సోడియము లోపలి దానికి సుమారు పదింతలకు పైగా ఉండును. లోపలి పొటాసియము వెలుపలి దానికి సుమారు ముప్పదింతలు ఉండును. కట్టకు ఒక ప్రక్క నీరు నిండుగా నిలిచి, రెండవ ప్రక్క మడి యెండియున్నట్లు, ఈ పొర కిరుప్రక్కల అయానులు ఎచ్చుతగ్గులుగా నిలిచియున్నవి. ఆ ఎచ్చుతగ్గులే జీవమునకు మూలధనము.

తూమును, తోడు యంత్రమును

కణపు పొర యందు అచ్చటచ్చట మాంసకృత్తులతో చేయబడిన సన్నని దారులు దిగగొట్టినట్లు ఉండును. వీనిని శాస్త్రజ్ఞులు అయాన్ చానళ్ళు అందురు. మేము వీనిని ఈ వ్యాసమున తూములని పిలుతుము. తూము తెరచుకొనినపుడు అయానులు ఎక్కువగా నున్న ప్రక్క నుండి తక్కువగా నున్న ప్రక్కకు తమంతట తామే పారును. అందులకు వేరు శక్తి అక్కరలేదు. అయితే చెరువు నీటికిని, అయానులకును ఒక భేదము కలదు. నీరు పల్లమును మాత్రమే వెదకును. అయాను ఎచ్చుతగ్గులతో పాటు విద్యుదాకర్షణకు కూడ లోబడును. ధనావేశము గల అయాను ఋణావేశము గల చోటికి లాగబడును.

ఇట్లు పారుచునే యున్న కొంతకాలమునకు రెండు ప్రక్కలు సమమై పోవును గదా యని చదువరులకు సందేహము కలుగవచ్చును. అట్లు కాకుండుటకు పొరయందే మోటారు వంటి తోడు యంత్రములు కూడ కలవు. అవి ఒక్కొక్క మారు మూడు సోడియము అయానులను వెలికి తోడి, రెండు పొటాసియము అయానులను లోనికి చేర్చును. ఈ పని ఎదురెక్కించునది గనుక దీనికి శక్తి కావలయును. ఆ శక్తి ఏటీపీ అను పదార్థము నుండి లభించును. ఈ తోడు యంత్రమును డెన్మార్కు శాస్త్రజ్ఞుడు జెన్స్ స్కౌ 1957లో పీత నరములందు కనుగొనెను. అందులకు ఆయనకు 1997లో నోబెల్ బహుమతి వచ్చినది.

ఏటీపీ విషయమున తెలుగువారు గర్వింపదగిన సంగతి యొకటి కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే గారితో కలిసి పనిచేయుచు, 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటినును గూర్చియు, 1929లో ఏటీపీని గూర్చియు ప్రకటించిరి. అదే 1929లో జర్మనీయందు కార్ల్ లోమన్ కూడ ఏటీపీని కనుగొనెను. మనము తిను సంగటి, జొన్నరొట్టె చివరకు ఏటీపీగా మారి, ఈ తోడు యంత్రములను నడుపుచున్నవి. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు కూడ మెదడు ఖర్చుచేయు శక్తిలో పెద్ద భాగము ఈ తోడకమునకే పోవును.

తూము పనికిని, తోడు యంత్రపు పనికిని గల వేగభేదము గమనింపదగినది. తోడు యంత్రము సెకనుకు కొన్ని వందల అయానులను మాత్రమే తోడగలదు. ఒక్క తూము తెరచుకొనినచో సెకనుకు సుమారు కోటి అయానులు పారును. దినమంతయు మెల్లగా నింపిన తొట్టిని తూము తీసి ఒక్క నిమిషములో వదలుట వంటిదే యిది.

విశ్రాంతి, వార్త

నరము పని లేక యున్నప్పుడు దాని పొరలోని పొటాసియపు తూములు కొన్ని తెరచియే యుండును. పొటాసియము వెలికి పోజూచును. కాని దానితో జతగానున్న ఋణావేశపు మాంసకృత్తులు పెద్దవి గనుక వెంట పోజాలవు. కావున కొద్దిగా పొటాసియము పోవునంతలో లోపలి ప్రక్క ఋణావేశము ఏర్పడి, మిగిలిన పొటాసియమును వెనుకకు లాగును. ఈ రెండు శక్తులు తుల్యమగుచోట పోక నిలిచిపోవును. సోడియము కూడ కొంచెము లోనికి కారుచుండును గనుక, తుదకు లోపలి ప్రక్క వెలుపలి కంటె సుమారు 70 మిల్లీవోల్టులు ఋణముగా నుండును.

చేతిదీపములో వేయు ఘటము 1.5 వోల్టులది. 70 మిల్లీవోల్టులనగా అందులో ఇరువదవ వంతు. ఇంత అల్పమా యని తీసివేయరాదు. పొర మిక్కిలి పలుచనిది గనుక, అదే లెక్కన సెంటీమీటరు దూరమునకు గుణించినచో లక్షా నలుబదివేల వోల్టులగును! అంతటి ఒత్తిడిలో తూము తలుపులు నిలిచియున్నవి.

నరములోని సోడియపు తూములకు విచిత్రమైన గుణము కలదు. వాని తలుపులందు ధనావేశము గల భాగములున్నవి. లోపలి ఋణావేశము వానిని క్రిందికి లాగి పట్టియుంచినంత కాలము తలుపు మూసియుండును. ఏ కారణముచే నైనను ఆ ఋణావేశము కొంత తగ్గినచో పట్టు సడలి తలుపు తెరచుకొనును. అంతట సోడియము లోనికి దుముకును. లోపలి ప్రక్క క్షణములో ధనముగా మారును. ఆ మార్పు ప్రక్కనున్న తూమునకు తగులును. అదియు తెరచుకొనును. దాని వలన ఆ తరువాతిది తెరచుకొనును. ఇట్లు వార్త నరము వెంట పరుగెత్తును. కాలి వ్రేలికి ముల్లు గ్రుచ్చుకొనిన సంగతి తలకు చేరుట యిట్లే.

తెరచుకొనిన సోడియపు తూము అట్లే యుండిపోదు. సెకనులో వెయ్యవ వంతు కాలమునకే లోపలి నుండి ఒక మూత వచ్చి దారిని మూసివేయును. తరువాత పొటాసియపు తూములు మరికొన్ని తెరచుకొని, పొటాసియము వెలికి పోయి, లోపలి ఋణావేశము మరల నెలకొనును. నరము రెండవ వార్తకు సిద్ధమగును. ఈ మూతను చదువరులు గుర్తుంచుకొనవలెను. ముందు చెప్పబోవు తేలు విషము సంగతి యంతయు దీనిమీదనే ఆధారపడియున్నది.

ఎవ్వరు కనుగొనిరి?

కప్ప కాలి నరమునకు విద్యుత్తు తగిలిన కండరము అదరునని ఇటలీయందు గాల్వాని 1791లో ప్రకటించెను. నరపు వార్త అయానుల ప్రవాహమేనని నిష్కర్షగా లెక్కలతో నిరూపించినవారు ఇంగ్లండుకు చెందిన హాజ్కిన్, హక్స్‌లీ అను ఇరువురు. వారు స్క్విడ్ అను సముద్రజీవి యొక్క లావైన నరమును తీసికొని, దానిలోనికి సన్నని తీగను చొప్పించి, 1952లో తమ ఫలితములను ప్రకటించిరి. 1963లో వారికి నోబెల్ బహుమతి లభించినది. అప్పటికి తూమును కన్నులార చూచినవారు లేరు. 1976లో జర్మనీయందు నేహర్, సాక్‌మన్ గార్లు మిక్కిలి సన్నని గాజుగొట్టమును కణపు పొరకు అంటించి, ఒకే ఒక తూము తెరచుకొనుట, మూసికొనుటలను విద్యుత్తు రూపమున కొలిచిరి. 1998లో అమెరికాయందు మెకినన్ పొటాసియపు తూము ఆకృతిని పరమాణువుల మేరకు చూపగలిగెను.

మెకినన్ తీర్చిన సందేహమొకటి మిక్కిలి మనోహరమైనది. సోడియపు అయాను పొటాసియపు అయాను కంటె చిన్నది. అయినను పొటాసియపు తూములో పెద్దది పోవును, చిన్నది పోదు! ఇదెట్లు? నీటిలోని ప్రతి అయానును నీటి రేణువులు చుట్టుకొని యుండును. తూములో ప్రవేశింపవలెనన్న ఆ నీటి తొడుగును విడువవలెను. పొటాసియపు తూము గోడలందు ఆక్సిజను పరమాణువులు సరిగా పొటాసియము కొలతకు అమర్చబడియున్నవి. అవి నీటి తొడుగునకు బదులుగా పొటాసియమును నాలుగు ప్రక్కల ఆదుకొనును. చిన్నదైన సోడియమునకు ఆ గోడలు అందవు. అందని గోడల కొరకు అది తన తొడుగును విడువదు. కావున బయటనే నిలిచిపోవును. ఎద్దు కాలికి కొట్టిన లాడము గొఱ్ఱె కాలికి నిలువదు గదా!

ఎఱ్ఱ తేలు చేయు పని

ఇక మన ప్రాంతమున ప్రాణములతో ముడిపడిన విషయమునకు వత్తుము. పలకరాతి గుట్టలు, రాళ్ళు పేర్చిన గట్లు, పొయ్యి కట్టెల మోపులు, పాత గోడల నెఱ్ఱెలు తేలునకు నివాసములు. పెద్దదిగా, నల్లగా నుండు మండ్రగబ్బను చూచి మనము భయపడుదుము. నిజమునకు దాని కంటె చిన్నదైన ఎఱ్ఱ తేలు ఎక్కువ అపాయకరము. ఇది మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ ప్రాంతములందు కనబడును. పెద్దల కంటె పిల్లలకు దీని వలన భయము హెచ్చు. అదే విషము చిన్న శరీరములో ఎక్కువ బలముతో పనిచేయును.

తేలు విషములోని కొన్ని పదార్థములు సోడియపు తూమునకు అంటుకొని, మూత పడకుండ అడ్డుపడును. తెరచిన తూము తెరచినట్లే యుండును. సోడియము లోనికి పారుచునే యుండును. నరము ఒక్క వార్తకు బదులు వార్త వెంట వార్తను పంపుచుండును. ఎఱ్ఱ తేలు విషములో పొటాసియపు తూమును మూయు పదార్థములు కూడ కలవు. అందొకదానిని 1990లో వేరుచేసి, ఐబీరియోటాక్సిన్ అని పేరిడిరి. నేడు ప్రపంచపు ప్రయోగశాలలలో తూముల పరిశోధనకు అది సాధనముగా వాడబడుచున్నది. తెరచినది మూయనీయక, నరమును విశ్రాంతికి తెచ్చు తూమును తెరవనీయక, విషము రెండు విధముల హాని చేయును.

ఫలితము ఒక్క నొప్పితో ఆగదు. గుండెను, రక్తనాళములను నడుపు నరములు అదుపు తప్పి, అడ్రినలిను వంటి పదార్థములు రక్తములోనికి వెల్లువగా వచ్చును. విపరీతముగా చెమట పోయును. చేతులు కాళ్ళు చల్లబడును. వాంతులగును. చొంగ కారును. రక్తనాళములు బిగిసి గుండె మీద భారము పడును. ముదిరినచో ఊపిరితిత్తులలో నీరు చేరి ఊపిరాడదు. మంత్రము వేయించుచు, పసరు పూయుచు కూర్చున్న గంటలే ప్రాణమునకు ముప్పు తెచ్చును.

ఈ విషయమున మహారాష్ట్రలోని మహాడ్ అను చిన్న పట్టణమున పనిచేసిన డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్ గారి కృషి స్మరింపదగినది. ఎఱ్ఱ తేలు కుట్టిన రోగులను తానే ప్రక్కన కూర్చుండి గమనించి, బిగిసిన రక్తనాళములను సడలించు ప్రాజోసిన్ అను మాత్ర వారిని కాపాడునని ఆయన 1980ల నాటి పత్రములలో తెలిపిరి. ఆ మందు తూమును మూయదు. తూము తెరచియుండుట వలన కలిగిన వెల్లువను గుండెకు తగులకుండ మరలించును. తేలు విషమునకు విరుగుడు సూదిమందును ప్రాజోసిన్‌తో కలిపి యిచ్చినచో రోగులు మరింత త్వరగా కోలుకొనిరని 2011లో ప్రచురింపబడిన పరిశీలనలో తేలినది. 2022లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించినది. గొప్ప నగరమునందు గాక గ్రామీణ ప్రాంతమున జరిగిన పరిశోధన యిది.

తేలు కుట్టిన చోట వైద్యులు లిగ్నోకైన్ సూది వేయుట కలదు. పన్ను తీయునపుడు వేయునది అదే. అది సోడియపు తూము లోనికి చొచ్చి బిరడావలె అడ్డుపడును. వార్త పోదు గనుక నొప్పి తెలియదు. ఒకే తూము మీద విషమొక విధముగను, మందొక విధముగను పనిచేయుట యెంత చిత్రము! కాని నొప్పి తగ్గినంత మాత్రమున అపాయము తొలగినదని భావింపరాదు. శరీరమంతట వ్యాపించిన విషము తన పని తాను చేయుచునే యుండును.

కావున తేలు కుట్టినపుడు చేయవలసినవి ఇవి: కుట్టిన చోటును సబ్బుతో కడుగవలెను. ఆ అవయవమును కదలనీయరాదు. కత్తితో కోయుట, నోటితో పీల్చుట, గట్టిగా త్రాడు బిగించుట కూడదు. ఆ క్షణముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు కొనిపోవలెను. అవసరమైన 108 వాహనమును పిలువవలెను. చెమట, వాంతి, చేతులు చల్లబడుట, ఆయాసము వీనిలో ఏ యొక్కటి కనబడినను ఒక్క నిమిషమైనను ఆలస్యము చేయరాదు. పిల్లలను కనీసము ఒక దినము వైద్యుని పరిశీలనలో ఉంచుట మేలు. ప్రాజోసిన్ ఎంత మోతాదు ఈయవలెనో వైద్యుడు నిర్ణయింపవలసినదే గాని, ఇంటిలో ఎవరికి వారు వాడరాదు. రాత్రివేళ చెప్పులు దులిపి తొడుగుట, మంచము మీద పరుండుట, రాళ్ళు, కట్టెలు ఎత్తునపుడు చేతితో తడుమక ముందు చూచుట అను చిన్న అలవాట్లు పెద్ద కీడును తప్పించును.

పురుగుమందు కూడ అదే తూము మీద

పత్తి, మిరప, కంది పండించు రైతులు సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ అను మందుల పేర్లు ఎరుగుదురు. చామంతి జాతికి చెందిన ఒక పువ్వులోని సహజ విషమును అనుసరించి వీనిని చేసిరి. వీనిని సింథటిక్ పైరిత్రాయిడ్లు అందురు. ఇవి కూడ పురుగు నరములలోని సోడియపు తూమును మూతపడనీయవు. పురుగు గిలగిల తన్నుకొని చచ్చును. తేలు మనకు చేయు కీడునే ఈ మందు పురుగునకు చేయుచున్నదన్నమాట. మనుష్యుని తూములకు ఈ మందు అంత సులువుగా అంటదు. మన శరీరము దానిని త్వరగా విరిచివేయగలదు. అందుచే మనకు హాని తక్కువ. కాని లేకపోలేదు. పిచికారి చేయునపుడు మందు తగిలిన ముఖము, చేతులు చురచురలాడుట చర్మపు నరముల తూములు తెరచుకొనుట వలననే. అది ఒక హెచ్చరిక. గాలికి ఎదురుగా కొట్టరాదు. ముఖమునకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండవలెను. పని ముగిసిన వెంటనే సబ్బుతో కడుగుకొనవలెను.

ఒకే మందును మరల మరల కొట్టుట వలన కలుగు నష్టము మన రాష్ట్రము చవిచూచినదే. 1987-88 పంటకాలమున గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిపై శనగపచ్చ పురుగు విరుచుకొనిపడినది. పైరిత్రాయిడ్లు ఎన్నిమార్లు కొట్టినను పురుగు చావలేదు. అప్పుల పాలైన రైతు కుటుంబములు పడిన దుఃఖమును ఆ నాటివారు మరువజాలరు. పురుగు ఈ మందులకు తట్టుకొను శక్తిని సంపాదించినదని శాస్త్రజ్ఞుల పరీక్షలలో తేలినది. ఇట్టి శక్తి రెండు విధముల వచ్చును. పురుగు శరీరము మందును విరిచివేయుట ఒకటి. సోడియపు తూము ఆకృతి కొద్దిగా మారి, మందు దానికి అంటకుండ పోవుట రెండవది. వేల పురుగులలో ఏ యొక్కదానికో పుట్టుకతోనే అట్టి తూము ఉండును. మందు తక్కినవానిని చంపి, దానినే మిగుల్చును. మరుసటి తరమంతయు దాని సంతానమే. దోమలందును ఇట్టి మార్పే కనబడినది.

కావున మందు పేరు మారినంత మాత్రమున మార్చినట్లు కాదు. సైపర్‌మెత్రిన్‌కు బదులు డెల్టామెత్రిన్ కొట్టిన రైతు అదే తూము మీద మరల కొట్టినట్లే. పనిచేయు తీరు వేరైన మందును మార్చి మార్చి వాడవలెను. లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు, వేపగింజల కషాయము మొదలగు పద్ధతులను ముందు పాటించి, తప్పనిసరియైనపుడే మందు కొట్టవలెను. దుకాణదారుని మాటకు ముందు వ్యవసాయాధికారిని అడుగుట మంచిది.

ప్రేగులోని తూము

కలరా వ్యాధిలో మనిషి కొన్ని గంటలలో ఎండిపోవుటకు కారణము కూడ ఒక తూమే. కలరా క్రిమి విడుచు విషమును 1959లో కలకత్తాయందు డాక్టరు శంభునాథ్ డే నిరూపించిరి. ఆ విషము వలన ప్రేగు కణములలోని క్లోరైడు తూములు తెరచి వదలినట్లగును. క్లోరైడు ప్రేగులోనికి పారును. దాని వెంట సోడియము, సోడియము వెంట నీరు పారును. శరీరమందలి నీరంతయు విరేచనముల పాలగును.

ఆ తూమును వెంటనే మూయుట సాధ్యము కాదు. కాని దైవవశమున ప్రేగులో వేరొక దారి చెడక నిలిచియుండును. అది సోడియమును చక్కెరతో కూడినపుడు మాత్రమే లోనికి తీసికొనును. వాని వెంట నీరు కూడ లోనికి వచ్చును. ఉప్పు, గ్లూకోజు కలిపిన ఓ.ఆర్.ఎస్. నీటి రహస్యమంతయు ఇదియే. ఒట్టి నీరు త్రాగించిన చాలదు. ఒట్టి చక్కెర నీరును చాలదు. రెండును తగు పాళ్ళలో ఉండవలెను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున బన్‌గావ్ వద్ద డాక్టరు దిలీప్ మహలనబీస్ ఈ నీటితో వేలమందిని కాపాడిరి.

పొట్లము నంతటిని ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలుపవలెను. సగము పొట్లము, సగము గ్లాసు అని అంచనాగా కలుపరాదు. పొట్లము దొరకనిచో లీటరు నీటిలో ఆరు సమముగా గీచిన చెంచాల చక్కెరయు, అర చెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుచు ఆసుపత్రికి కొనిపోవలెను. ఉప్పు ఎక్కువైనచో మేలు చేయదు సరికదా, బిడ్డకు కీడు చేయును. తల్లిపాలు మాన్పింపరాదు. పిల్లలకు రెండు వారములు జింకు మాత్ర ఈయవలెనని వైద్యులు చెప్పుదురు.

మిరపకాయ, కంది ఆకు

భయము గొలుపు మాటలే గాక, సంతోషపరచు సంగతి రెండు చెప్పి ముగింతుము. మిరపకాయ నోటిని మండించుట యెట్లు? మన నాలుక నరములలో వేడిని తెలుపు తూము యొకటి కలదు. అది సుమారు 43 డిగ్రీలకు మించిన వేడికి తెరచుకొనును. మిరపలోని కాప్సైసిన్ అను పదార్థము, వేడి లేకున్నను అదే తూమును తెరచును. నిప్పు తగిలినదని మెదడు నమ్మును. దీనిని అమెరికాయందు డేవిడ్ జూలియస్ 1997లో కనుగొనెను. 2021లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగము లభించినది. పక్షుల తూమునకు ఈ పదార్థము అంటదు. అందుచేతనే చిలుక పండుమిరపను పండువలె తిని, విత్తనములను దూరముగా జల్లును. కాప్సైసిన్ నీటిలో కరగదు. కావున కారము తగిలినపుడు నీటి కంటె మజ్జిగయు, పెరుగును మేలు.

ఆకు సంగతి మరింత ఉపకారకరము. ఆకు అడుగున కంటికి కనబడని రంధ్రములుండును. ఒక్కొక్క రంధ్రమునకు ఇరువైపుల రెండు కావలి కణములు ఉండును. వానిలోనికి పొటాసియము తూముల గుండ ప్రవేశించినపుడు నీరు వెంట వచ్చి అవి ఉబ్బును. రంధ్రము తెరచుకొని, గాలి లోనికి పోయి, ఆకు ఆహారము తయారు చేయును. నీరు మాత్రము ఆవిరియై పోవును. నేల యెండినపుడు మొక్కలో ఒక రసాయనము పుట్టి, కావలి కణముల ఋణ అయానుల తూములను తెరచును. అవి వెలికి పోగా పొటాసియము కూడ వెడలును. నీరు వెడలును. కణములు ముడుచుకొని రంధ్రము మూసికొనును. నల్లమల ప్రక్కన ఎండలో నిలుచు కంది మొక్క తన తూములను తానే కట్టివేసికొని వానకై ఎదురుచూచుచున్నదని చెప్పవచ్చును. పొటాష్ ఎరువు కరువును తట్టుకొనుటకు మొక్కకు తోడ్పడుననుటకు ఇదియొక కారణము. కాని భూసార పరీక్ష చేయించి, అవసరమున్నంత మాత్రమే వేయుట లాభము.

కంటికి కనబడని ఈ తూములను కనుగొనుటకు శాస్త్రజ్ఞులకు రెండు శతాబ్దములు పట్టినది. వాని ఫలము మన గ్రామమునకు చేరుటకు అంత కాలము అక్కరలేదు. ఉపాధ్యాయులు బడిలో పిల్లలకు ఈ పాఠము చెప్పవచ్చును. తేలు కుట్టినపుడు చేయవలసినవి, చేయరానివి పంచాయతి కార్యాలయపు గోడమీద వ్రాయింపవచ్చును. మన ఆరోగ్య కేంద్రమున ప్రాజోసిన్, తేలు విరుగుడు మందు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు నిలువ యున్నవా యని గ్రామసభయందు అడిగి తెలిసికొనుట పౌరుల హక్కు. వానకు ముందే చెరువు తూమును చూచుకొను రైతు వలె, ఆపద రాకముందే ఈ సంగతులను చూచుకొనవలెనని చదువరులకు మా మనవి.